నీడపట్టున చేసే పనికీ గాయాలుంటాయి

"నీడపట్టున కూర్చుని చేసే పనికి కష్టమేముంది?" అన్నమాట మన అనంతపురం ప్రాంతంలో తరచు వినిపిస్తుంది. ఎండలో వేరుశనగ పెరికి, బోర్లు ఎండి అప్పులపాలైన తల్లిదండ్రులు తమ బిడ్డలకు అటువంటి పని దొరకాలని కోరుకోవడం సహజం. ఆ కోరికలో తప్పు లేదు. కాని అదే మాటను అధికారులు, యజమానులు అందిపుచ్చుకొని, కంప్యూటరు ముందు పనిచేసేవారి చేతినొప్పిని సోమరితనంగా కొట్టిపారేయడాన్ని వైద్యునిగా నేను ఖండిస్తున్నాను.

2019 అక్టోబరు 2న రాష్ట్రంలో గ్రామ, వార్డు సచివాలయాలు ప్రారంభమైన తరువాత డిజిటల్ అసిస్టెంటు ఉద్యోగం పల్లెలకు చేరింది. మీసేవ కేంద్రాలు, బ్యాంకులు, బెంగళూరు సాఫ్ట్‌వేర్ సంస్థలు ఉండనే ఉన్నాయి. వాన కురవని ఏట కూడా ఇల్లు గడవడానికి ఎన్నో కుటుంబాలు నేడు బిడ్డల వేళ్ళనే నమ్ముకున్నాయి. ఆ వేళ్ళు దెబ్బతింటే అది ఇంటికి వచ్చిన కరువే.

గాయం ఎలా కలుగుతుంది? గడ్డపార పట్టినవాని శ్రమను దేహమంతా పంచుకుంటుంది. కీబోర్డు, మౌస్‌లతో పనిచేసేటప్పుడు భారం స్వల్పమే అయినా, అవే కొద్ది కండరాలు, స్నాయువులు గంటల తరబడి మోస్తాయి. మెడ, భుజాలు కదలక బిగుసుకొని ఉంటాయి. విశ్రాంతి లేనందువలన కణజాలం కోలుకోదు. నీరు తక్కువైన బోరును మన రైతు ఎలా వాడతాడు? కొంతసేపు మోటారు ఆపి, నీరు ఊరనిచ్చి, మళ్ళీ నడుపుతాడు. ఆపకుండా నడిపితే మోటారే కాలిపోతుందని అతనికి తెలుసు. ఆ పాటి విచక్షణ మనిషి చేతి విషయంలో చూపలేమా?

ఇది కొత్తగా పుట్టిన జబ్బూ కాదు, వట్టి భ్రమా కాదు. ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జీని వృత్తి వ్యాధులపై రాసిన గ్రంథపు 1713 నాటి ముద్రణలో లేఖకుల బాధలకు మూడు కారణాలు చెప్పాడు: ఎడతెగక కూర్చోవడం, చేతిని ఒకే తీరున ఆడించడం, మనసుపై ఒత్తిడి. తంతి గుమాస్తాల చేతులు కొంకర్లు పోయే జబ్బును 1908లోనే బ్రిటన్ నష్టపరిహారానికి అర్హమైన వృత్తివ్యాధుల జాబితాలో చేర్చింది.

లక్షణాలను తొలిదశలోనే గుర్తించండి. మెడ, భుజం, మోచేయి, మణికట్టులలో పని పెరిగినకొద్దీ పెరిగి, సెలవునాడు తగ్గే నొప్పి మొదటి హెచ్చరిక. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలిలో సగం తిమ్మిరెక్కి, రాత్రి నిద్రలేచి చేయి విదిలించవలసి వస్తుంటే మణికట్టు వద్ద నాడి నలుగుతున్నదని అనుమానించాలి. మధుమేహం, థైరాయిడ్ లోపం, గర్భం కూడా ఇందుకు దోహదం చేస్తాయి. కనుక వైద్యుని సంప్రదించాలి. ఉపేక్షిస్తే బొటనవేలి మొదట ఉన్న కండ కరిగి, పట్టు తప్పుతుంది. నొప్పి మాత్ర మింగి, పట్టీ కట్టుకొని అదే బల్ల ముందు అంతేసేపు కూర్చోవడం చికిత్స కాదు. అది హెచ్చరిక గంటను ఆపి నిప్పును వదిలివేయడమే.

నివారణకు పెద్ద ఖర్చు అక్కరలేదు. తెర పై అంచు కంటి ఎత్తులో, చేయి చాచినంత దూరంలో ఉండాలి. మోచేతులు పక్కటెముకల దగ్గర, సుమారు లంబకోణంలో ఉండాలి. మణికట్టు పైకి గాని, పక్కకు గాని వంగరాదు. మౌస్ కీబోర్డు పక్కనే ఉండాలి. పాదాలు నేలకు ఆనకపోతే కింద పీట వేసుకోండి. లాప్‌టాప్‌లో తెర, కీబోర్డు అతుక్కొని ఉంటాయి. తెర సరైన ఎత్తుకు వస్తే చేతులు పైకి లేస్తాయి, చేతులు సరిగా ఉంటే మెడ వంగుతుంది. కనుక దానిని పుస్తకాల దొంతరపై ఎత్తి, విడి కీబోర్డు, మౌస్ వాడండి. అరగంటకొకసారి లేచి రెండు మూడు నిమిషాలు నడవండి. ఆ విరామంలో మళ్ళీ ఫోను పట్టుకుంటే అది విరామం కాదు.

ఇన్ని చెప్పినా, ఈ భారమంతా ఉద్యోగి మీదే మోపడం అన్యాయం. ఎత్తైన బల్ల, ప్లాస్టిక్ కుర్చీ ఇచ్చి, లేవడానికి వీలులేని గడువులు పెట్టి, వ్యాయామం చేయమని ఉపదేశిస్తే ఫలమేమి? తెరల ముందు పనిచేసేవారి బల్లలను, కుర్చీలను పరీక్షించి సరిదిద్దడం, పని మధ్య విరామం లేదా పని మార్పు కల్పించడం యజమాని బాధ్యత అని ఐరోపా దేశాల కూటమి 1990లోనే శాసించింది. మన కార్యాలయాలలోనూ అదే జరగాలి. సర్దుబాటు చేయగల కుర్చీ, విడి కీబోర్డు, గంటగంటకూ కొద్ది విరామం అడగడం దయాభిక్ష కాదు, పనిచేసే మనిషి హక్కు.

చదువరులారా, మీరు అధికారులైతే రేపే మీ కార్యాలయంలోని కుర్చీలను చూడండి. ఉద్యోగులైతే నొప్పిని దాచక చెప్పండి. తల్లిదండ్రులైతే, సాయంత్రం ఇల్లు చేరిన బిడ్డ చేయి నొస్తున్నదంటే "కూర్చునే పనికి నొప్పేమిటి?" అనకండి. ఆ నొప్పి నిజమైనది. వేళకు పట్టించుకుంటే చాలావరకు నివారించదగినది.