స్ప్రింగ్ మార్చే ముందు
పేలని తూటా అడుగున ప్రైమర్ మీద పడ్డ గుంట చూడండి. లోతుగా ఉంటే తూటాను అనుమానించాలి, గోటితో నొక్కినంతే ఉంటే రైఫిల్‌ను. చాలామంది వెంటనే ఫైరింగ్ పిన్‌ను తోసే స్ప్రింగ్ మార్చేస్తారు. నా అనుమానం మాత్రం ముందు బోల్టు లోపలి పాత నూనె మీదికే పోతుంది. తుప్పు పట్టకూడదని ప్రేమగా పోసిన ఆ నూనే ఏళ్లు గడిచేసరికి జిగురవుతుంది, చలికి మరీ చిక్కబడుతుంది. ఫైరింగ్ పిన్ అందులో ఈదుకుంటూ ప్రైమర్‌ను చేరేసరికి ఊపు చచ్చిపోతుంది. పిన్ ముందుకు ఎంత పొడుచుకొస్తుందో కూడా చూడాల్సిందే. రష్యన్ మోసిన్-నాగంట్‌తో ఇచ్చిన స్క్రూడ్రైవర్‌కే దాన్ని కొలిచే 75, 95 గాట్లు ఉండేవి, అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన. కానీ బోల్టు విప్పి, కడిగి, పొడిగా తుడిచాక కొలవండి. అన్నిటికన్నా ముందు, ట్రిగ్గర్ నొక్కితే టిక్కుమని ఊరుకుని తూటా పేలకపోతే బోల్టు తెరవకండి. గొట్టం లక్ష్యంవైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగండి.