సంతకము వేరు, సమ్మతి వేరు

పాఠశాలలో టీకాలు వేయు దినమున కొందఱు పిల్లలు బడికి రాకుండుట ఉపాధ్యాయులందఱు ఎఱిగిన విషయమే. అట్టి పిల్లల తలిదండ్రులను అజ్ఞానులని నిందించుట మనకు వాడుక. ఆ నిందవలన ఒక్క బిడ్డకైనను టీకా పడదు. వారి సంకోచమునకు మన నడవడియే కారణమగుచున్నదేమో విచారింపవలెను.

ఖమ్మము జిల్లా ఉదంతము ఈ సందర్భమున జ్ఞాపకముంచుకొనదగినది. ఆ జిల్లా యింకను మన రాష్ట్రములోనిదై యుండగా, 2009లో, 10 మొదలు 14 ఏండ్లవరకు వయసుగల బాలికలు సుమారు 14,000 మందికి గర్భాశయ ముఖద్వారపు కాన్సరును నివారించు హెచ్.పి.వి. టీకా వేయ నారంభించిరి. అమెరికా దేశపు పాత్ అను సంస్థయు, భారత వైద్య పరిశోధన మండలియు, రాష్ట్ర ప్రభుత్వమును కలిసి ఆ కార్యమును నడిపినవి. పిదప కొందఱు బాలికలు మరణించిరి. 2010 ఏప్రిలులో కేంద్ర ప్రభుత్వము దానిని నిలిపివేసినది. ఆ మరణములకు టీకా కారణమై యుండదని విచారణ సంఘము అభిప్రాయపడినది. కాని పరిశీలించిన 9,543 సమ్మతిపత్రములలో 2,763 పత్రములపై హాస్టలు వార్డెనులే సంతకములు చేసిరని తేలినది. తలిదండ్రులకు మారుగా ప్రధానోపాధ్యాయులచే సంతకములు చేయించుటను 2013లో పార్లమెంటు స్థాయీ సంఘము తీవ్రముగా ఆక్షేపించినది.

టీకా మంచిదే; ప్రపంచ ఆరోగ్య సంస్థ నేటికిని దానిని సిఫారసు చేయుచున్నది. చెడినది నమ్మకము. తల్లి తన బిడ్డను చదువుకొఱకు మనకు అప్పగించినదే గాని, ఆ బిడ్డ దేహమును గూర్చి తనకు మారుగా నిర్ణయింపుమని కాదు.

“అందఱిని అడుగుచు కూర్చుండిన వ్యాధి ఆగునా?” యని కొందఱందురు. ఈ ప్రశ్న తోసివేయదగినది కాదు. తట్టు మిగుల వేగముగా అంటుకొను వ్యాధి. నూటికి 95 మందికి రెండు మోతాదులును పడిననేగాని దాని వ్యాప్తి ఆగదు. మన దేశమున తొమ్మిది నెలలు నిండిన పిమ్మటనే ఆ టీకా వేయుదురు. అంతవరకు శిశువునకు ఇరుగుపొరుగు పిల్లల టీకాయే రక్ష. కావుననే అడుగుట మానరాదు, ముందుగా అడుగవలెను.

చల్లపల్లి ప్రాంతమున వరినాట్ల కాలములో కూలి తల్లులు తెల్లవాఱకమునుపే పొలమునకు పోవుదురు. పగటివేళ కూర్చిన సభకు వారెట్లు రాగలరు? సాయంకాలము వారి పేటలోనే, గుడియొద్దనో చర్చియొద్దనో మసీదునొద్దనో, ఆశా కార్యకర్తతోను నర్సమ్మతోను కూర్చుండి వారి ప్రశ్నలను వినవలెను. కొన్ని టీకాల పిమ్మట ఒకటి రెండు దినములు జ్వరము రావచ్చునని దాచక చెప్పవలెను. చెప్పక వేసినచో, ఆ జ్వరముచే కూలి పోగొట్టుకొనిన తల్లి రెండవ మోతాదునకు రాదు. పొరుగామెను కూడ రానీయదు. ముందే చెప్పినచో, వచ్చిన జ్వరము మన మాటకు సాక్ష్యమగును.

విద్యార్థులారా! ఇంటికి పంపిన పత్రమును చదువనేరని పెద్దలకు చదివి వినిపింపుడు. వారి సందేహములను వ్రాసికొని రండు. తలిదండ్రులారా! మమ్ము ప్రశ్నించుటకు జంకకుడు. తోడి ఉపాధ్యాయులారా! సంతకము లేక తిరిగివచ్చిన పత్రముపై మనము చేయి పెట్టకుందము. ఆ యింటికి పోయి వత్తము.