కెమెరా ఎవరిని తప్పించుకొని నడుస్తున్నది?

"దారిన పోతూ కంటికి నచ్చినది తీసుకొనేవాడికి వర్గదృష్టి ఎందుకయ్యా?" అని ఒక అధ్యాపక మిత్రుడు ఇటీవల నాతో వాదానికి దిగాడు. కంటికి నచ్చడమనేది ఆకాశం నుంచి ఊడిపడే గుణమైతే ఆయనకు జవాబు లేదు. కాని అది ఊడిపడేది కాదు, నేర్చుకొన్నది.

నిజామాబాదులో ఆదివారం పూట సెల్‌ఫోను పట్టుకొని తిరిగే మన విద్యార్థుల బొమ్మలు చూడండి. ఖిల్లా గోడ, రామాలయం మెట్లు, జానకంపేట దగ్గర అశోక్‌సాగర్ రాళ్లు, బోధన్ దారిలో చెరకు పూత మీద సాయంకాలపు ఎండ. ఆ ఖిల్లా జైలులోనే దాశరథి గోడ మీద బొగ్గుతో పద్యాలు రాశాడు. అక్కడ వీరికి కనిపిస్తున్నది రాతి మీది నాచు!

రాజా దీన్‌దయాళ్ ఆరవ నిజాముకు ఆస్థాన ఛాయాచిత్రకారుడు. ఆయన చిత్రాల్లో దర్బార్లు, వేటలు, మేడలు అన్నేసి ఉండడంలో వింత లేదు, పిలిచినది దర్బారు. నేడు మన జేబులోని యంత్రాన్ని ఏ దర్బారూ పిలవడం లేదు. అయినా అది పోయి ఆ కోటల ముందే ఎందుకు నిలబడుతున్నది?

నేను మినహాయింపు కాను. పాత బొమ్మలు తిరగేస్తుంటే చెక్కడపు తలుపు ఒకటి దొరికింది. ఎడమ అంచున ఒక మోచేయి, సగం చాట. అరుగు మీద తునికాకు కత్తిరిస్తున్న స్త్రీని తప్పించడానికి నేనే పక్కకు జరిగాను. వెయ్యి బీడీల లెక్కన కూలి పుచ్చుకొనే ఆ మోచేయి మాత్రం బొమ్మలోంచి పోలేదు.

శక్కర్‌నగర్ సంగతి ఇంకా ఘోరం. నిజాంసాగర్ నీటితో పెరిగిన చెరకు మీద 1937లో నిలిచిన ఫ్యాక్టరీ అది. 2002లో ప్రభుత్వం అందులో 51 శాతం వాటా ప్రైవేటు వారి చేతిలో పెట్టింది. 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించారు. ఆ తరువాత తుప్పుపట్టిన గేటును తీయడానికి కెమెరాలు వచ్చాయి. శిథిల సౌందర్యమట! ఎవరి శిథిలం? షిఫ్టు మారే వేళ గేటులోంచి వచ్చే జనం, కాటా ముందు రాత్రంతా కాచుకొన్న చెరకు బండ్లు, క్వార్టర్ల ముందు ఆరేసిన బట్టలు - అవి ఉన్నంతకాలం 'మామూలు' కనుక అటుగా నడిచినవారు తీయలేదు. ఇప్పుడు తీద్దామన్నా లేవు.

మన శిబిరంలోనూ తప్పున్నది. జెండా, పిడికిలి, ఊరేగింపు ఉంటేనే మనవారికి కెమెరా గుర్తుకు వస్తుంది. 1943 బెంగాలు కరువును పార్టీ పత్రికకు చిత్రించిన సునీల్ జానా ఊరేగింపుల కోసం ఆగలేదు. ఆకలి ఉన్న ఊళ్లకు వెళ్లాడు.

బీదవాణ్ణి తీసి మెప్పు పొందడం మాత్రం దోపిడీ కాదా అని మిత్రుడు అడగవచ్చు. అడగకుండా తీస్తే, తీసినది వారికి చూపకపోతే, దోపిడీయే. ఆ భయానికి తలుపును తీసుకొని మనిషిని వదిలేయడం జవాబు కాదు.

పోయిన నెల ఆ సందుకు మళ్లీ వెళ్లి, తీయవచ్చునా అని అడిగాను. "ఆగు బిడ్డా, గీ కట్ట కట్టనియ్యి" అన్నది. ఆగాను. రెండు ప్రతులు అచ్చు వేయించి పట్టుకెళితే, ఒకటి తన దగ్గర ఉంచుకొని, రెండవదాని వెనుక తేదీ, వాడ పేరు, వెయ్యికి తనకిస్తున్న కూలి రాయమన్నది.