వాటాల ఇంట్లో ఒకటే పంపు

ఒక సోదరి ఇలా రాస్తున్నారు: “మాది చిన్న పచ్చళ్ళ వ్యాపారం. వెబ్‌సైటు ద్వారా వచ్చే ఆర్డర్లమీదే మా సంసారం నడుస్తోంది. నెలరోజులుగా మధ్యాహ్నం అయ్యేసరికి సైటు తెరుచుకోవడం లేదు. హోస్టింగు కంపెనీవారేమో ‘మీ ప్రాసెసర్ వాడకం పరిమితి దాటింది, పెద్ద ప్లాను తీసుకోండి, లేకపోతే ఖాతా నిలిపేస్తాం’ అంటున్నారు. రోజుకు పట్టుమని 10 ఆర్డర్లు రావే, ఇంత వాడకం ఎక్కడిది? మా తమ్ముడు డబ్బు కట్టేద్దామంటాడు. మావారు అసలు సైటే తీసేద్దామంటారు. ఏం చెయ్యమంటారు?”

సోదరీ, తొందరపడి రెండూ చెయ్యకండి. చిల్లికుండ మార్చకుండా బిందెలు బిందెలు నీళ్ళు పోస్తే ఏం లాభం? ఎలుకల బాధ పడలేక ఇల్లు తగలబెట్టుకోవడమూ తెలివైన పని కాదు. ముందు నీళ్ళు ఎక్కడ కారిపోతున్నాయో చూడాలి.

షేర్డ్ హోస్టింగంటే వాటాల ఇల్లనుకోండి. ఒకే యంత్రంలో ఎన్నో సైట్లు కాపురముంటాయి. పంపు మాత్రం ఒక్కటే. ఒక వాటావారు కుళాయి కట్టకుండా వదిలేస్తే మిగతావారి బిందెలు నిండవు. అందుకే ఒక్కో ఖాతాకు ఇంతే అని కొలత పెడతారు. 2010లో వచ్చిన క్లౌడ్‌లినక్స్ వంటి ఏర్పాట్లు చేసే పని ఇదే. ప్రాసెసర్ కొలత నిండితే పేజీలు నత్తనడక నడుస్తాయి. ముందువారి పని తెమలకుండానే వెనకవారు పోగుపడతారు. ఒకేసారి ఇంతమందే అన్న లెక్క కూడా నిండేసరికి, వచ్చినవారికి పచ్చళ్ళకు బదులు 508 అనే అంకె కనిపిస్తుంది. ఈ కొలతను తప్పుపట్టకండి. పొరుగువాటా గోల మీదాకా రాకుండా కాపాడేదీ అదే.

ఇక మీ అసలు అనుమానం. ఆర్డర్లు 10 అయినంత మాత్రాన తలుపు తట్టేవారు 10 మందే అనుకోకూడదు. కొనేవారికన్నా ఊరికే వచ్చిపోయే యంత్రాలు ఎన్నో రెట్లు ఉండవచ్చు. తట్టిన ప్రతిసారీ మీ సైటు నిద్రలేచి, డేటాబేసులో వెతికి, పేజీ తయారుచేసి ఇస్తుంది. వచ్చిన ప్రతివారికీ అప్పటికప్పుడు రోట్లో పచ్చడి నూరిపెట్టినట్టన్నమాట!

కనక మొదటి పని, సీపానెల్‌లో ‘రిసోర్స్ యూసేజ్’ అనే పేజీ తెరిచి గీత చూడండి. రోజూ ఒకే వేళకు పైకి లేస్తోందంటే అది వేళ పెట్టుకుని నడిచే పని, బహుశా బ్యాకప్పు. దాన్ని అర్ధరాత్రికి మార్చండి. రోజంతా ఎత్తుగానే ఉంటే రాకపోకల చిట్టా, అంటే యాక్సెస్ లాగు, దించుకోండి. ఎవరు, ఎప్పుడు, ఏ పేజీ అడిగారో వరుసకొకటి చొప్పున అందులో ఉంటుంది. గీత లేచిన గంటలో ఎక్కువసార్లు కనిపించే పేరేదో లెక్కపెట్టండి. సగం దొంగలు అక్కడే దొరుకుతారు.

మీ దుకాణం వర్డ్‌ప్రెస్‌మీద నడుస్తూంటే సాధారణంగా తేలేవి ఇవి:

మొదటిది, యంత్రాల సంచారం. వెతుకుడు సైట్లవారే కాక, 2023 నుంచి జీపీటీబాట్ వంటి కృత్రిమ మేధ సంస్థల యంత్రాలూ తిరుగుతున్నాయి. మీ దుకాణంలో ధర, బరువు, కారం అని మూడు ఎంపికలుండి, ఒక్కొక్కదాంట్లో 5 రకాలుంటే 125 చిరునామాలు పుడతాయి. మనిషి రెండు చూస్తాడు, యంత్రం 125నూ తడుముతుంది. అలాంటి చోట్లకు రావద్దని రోబోట్స్ ఫైలులో రాసిపెట్టవచ్చు. ఈ పద్ధతి 1994లో మార్టిన్ కోస్టర్ ప్రతిపాదించినది. 2022లో ప్రమాణంగా వెలువడింది. అయితే ఇది పెద్దమనుషుల ఒప్పందం. మాట వినని వారిని ఫైర్‌వాల్‌తో ఆపవలసిందే. గూగుల్‌ను మాత్రం ఆపకండి, కొనేవారు దారి తెలియక వెనక్కి పోతారు.

రెండోది, తాళం తిప్పిచూసేవారు. చిట్టాలో లాగిన్ పేజీ పేరూ, ‘ఎక్స్‌ఎంఎల్‌ఆర్‌పీసీ’ పేరూ వందలసార్లు కనిపిస్తే, ఎవరో పాస్‌వర్డు ఊహిస్తున్నారన్నమాట. తప్పు ఊహకూ మీ ప్రాసెసరే పనిచెయ్యాలి. ఇన్నిసార్లే అని హద్దు పెట్టండి. రెండోదానితో మీకు పనిలేకపోతే మూసేయండి.

మూడోది, ఇంటివారి అజాగ్రత్త. వేళపట్టున చెయ్యవలసిన పనులేమైనా ఉన్నాయా అని వర్డ్‌ప్రెస్ ఎవరు పేజీ తెరిచినా చూసుకుంటుంది. దాన్ని ఆపి, సీపానెల్‌లో 15 నిమిషాలకొకసారి నడిచేలా క్రాన్ పెట్టుకోవచ్చు. మీ తమ్ముడుగారు దుకాణం అజమాయిషీ పేజీ తెరిచి వదిలేసి నిద్రపోయే అలవాటుంటే అదీ మాన్పించండి. అది సర్వర్‌ను పలకరిస్తూనే ఉంటుంది.

నాలుగోది, బరువైన ప్లగిన్లు, పాత పీహెచ్‌పీ. 2015 డిసెంబరులో వచ్చిన 7వ పీహెచ్‌పీ, అంతకుముందున్న 5.6 కన్నా సుమారు రెట్టింపు వేగంగా పనిచేసింది. మీది ఇంకా పాతదైతే సైటు నకలుమీద పరీక్షించి మార్చండి. ప్లగిన్లు కూడా ఆ నకలులోనే ఒక్కొక్కటీ ఆపి చూడాలి.

చిట్టాలో మీరు పెట్టని ఫైళ్ళ పేర్లు కనిపిస్తే మాత్రం ఆలస్యం చెయ్యకండి. దొంగ లోపలికి వచ్చాడని అనుమానించి కంపెనీకి తెలియజెయ్యండి, పాస్‌వర్డులన్నీ మార్చండి.

వీటన్నిటికంటే మేలు చేసేది క్యాష్. ఒకసారి నూరిన పచ్చడి జాడీలో పెట్టుకుని అందరికీ వడ్డించడం లాంటిది. కాని బుట్ట, చెల్లింపు, ఖాతా పేజీలు జాడీలో పెట్టకూడదు సుమా! ఒకరి చిరునామా మరొకరికి కనిపించే ప్రమాదముంది.

ఏది చేసినా ముందు బ్యాకప్పు తీసుకోండి. రోజుకొక మార్పే చేసి, గీత తగ్గిందో లేదో రాసిపెట్టుకోండి. అన్నీ ఒకేసారి మారిస్తే ఏ మందు పనిచేసిందో తెలియదు. కంపెనీవారికి ఈ రోజే మర్యాదగా ఉత్తరం రాసి మూడు సంగతులు అడగండి: ఏ పనివల్ల, ఏ గంటల్లో, ఏ పరిమితి దాటింది? సరిదిద్దుకోవడానికి వారం గడువు కూడా కోరండి.

ఇన్నీ చేశాక గీత ఇంకా ఎత్తుగానే ఉండి, వచ్చేవారు నిజంగా కొనేవారే అయితే, అప్పుడు మీ తమ్ముడుగారి మాట వినండి. అప్పుడు కట్టే డబ్బు దండుగ కాదు, వ్యాపారం పెరిగినందుకు కట్టే అద్దె. మీవారికి మాత్రం సైటు తీసే మాట ఇక ఎత్తవద్దని చెప్పండి!