రాకెట్ల దారిలో రాజహంసలు

శ్రీసిటీ నుంచి తడ మీదుగా హైవే పట్టుకుంటే సూళ్లూరుపేట ఎంతో దూరం లేదు. డిసెంబరు, జనవరిల్లో ఓ ఆదివారం పిల్లల్ని వెంటబెట్టుకుని తెల్లారగానే బయల్దేరండి. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట దీవికి వెళ్లే రోడ్డు పులికాట్ సరస్సు మధ్యలోంచే సాగుతుంది. దీవిలోని అంతరిక్ష కేంద్రంలోకి అనుమతి లేనిదే వెళ్లనివ్వరు. పర్లేదు, మనం చూడాల్సింది రోడ్డు పక్కనే ఉంది.

లోతులేని నీళ్లలో బారులు తీరిన ఫ్లెమింగోలు! మనవైపు రాజహంసలనే అంటారు. తల కిందులుగా పెట్టి, ముక్కుతో బురదనీటిని వడగట్టి, అందులోని నాచునీ చిన్న చిన్న జీవుల్నీ తింటాయి. గూళ్లు మాత్రం ఇక్కడ కట్టవు. అందుకు గుజరాత్‌లోని కచ్ రణ్‌కు పోవాల్సిందే. పులికాట్ వాటికి భోజనశాల, అంతే.

గూళ్లు చూడాలంటే దొరవారిసత్రం దగ్గరున్న నేలపట్టుకు వెళ్లాలి. అక్కడి చెరువులోని కడప చెట్ల మీద గూడబాతులు పిల్లల్ని సాకుతుంటాయి. 1976లో దీన్ని పక్షుల రక్షిత కేంద్రం చేశారు. ఊరివాళ్లు మాత్రం అంతకుముందు నుంచే వాటిని కాపాడుకొస్తున్నారు. రెట్టలు కలిసిన ఆ చెరువు నీళ్లు పొలాలకు మంచి ఎరువు మరి! (ఫ్లెమింగో పండగ రోజుల్లో పక్షులకంటే జనమే ఎక్కువ. నన్నడిగితే మామూలు రోజే మేలు.)

అన్నిటికీ నీళ్లే ఆధారం. రాయదొరువు దగ్గర సముద్రపు ముఖద్వారం ఇసుకతో పూడుకుపోయి సరస్సులోకి ఉప్పునీటి రాక తగ్గింది. పూడిక తీయమని జాలర్లు ఏళ్లతరబడి అడుగుతున్నారు. చేపలు తగ్గితే వాళ్ల వలలే కాదు, గూడబాతుల పిల్లల నోళ్లూ ఖాళీయే. వానలు సరిగా లేని ఏడు రోడ్డుకిరువైపులా ఎండిన బురదే కనిపిస్తుంది. అందుకే వెళ్లేముందు సూళ్లూరుపేటలో తెలిసినవాళ్లకు ఫోన్ చేసి, సరస్సులో నీళ్లున్నాయో లేదో కనుక్కోండి.