పిట్టల పేర్లు పెడితే సరా?

"మగవాళ్లు ఎడమవైపు, ఆడవాళ్లు కుడివైపు!"

ఇది పెళ్లి పందిట్లో భోజనాల పంక్తి దగ్గర మాట కాదు సుమండీ. అమెరికాలో కాంట్రా అనే జానపద నృత్యంలో ఏళ్ల తరబడి చెబుతూ వచ్చిన మాట.

న్యూ ఇంగ్లండ్ ఊళ్లలో ఇది మన కోలాటం లాంటి వేడుక. హాల్లో రెండు పొడుగాటి వరసలు. ఫిడేలు మోగుతూంటుంది. ఏ అడుగు తరవాత ఏదో 'కాలర్' కేకేసి చెబుతారు. 64 దెబ్బలకి ఒక చుట్టు. చుట్టు పూర్తయ్యేసరికి ప్రతి జంటా కాస్త జరిగి, కొత్త జంటకి ఎదురుపడుతుంది.

ఆడదైతే కుడివైపే ఎందుకుండాలని 1980ల చివర్లో బోస్టన్ చుట్టుపక్కల కొందరు అడిగారు. ఎవరు ఎవరితోనైనా జంటకట్టేలా, స్థానానికీ ఆడామగా లెక్కకీ ముడి తెంపారు. మొదట్లో గుర్తుకోసం ఒక పక్షంవారు చేతికి పట్టీ కట్టుకునేవారు. ఇప్పుడు చాలాచోట్ల ఎడమవైపువారు 'లార్క్', కుడివైపువారు 'రాబిన్'. రెండూ పిట్టల పేర్లే. ఇంగ్లీషులో ఎడమకీ కుడికీ మొదటి అక్షరాలు కలుస్తాయి గనక గుర్తుంటాయి.

నా తగాదా ఇక్కడే. మా అమ్మాయి ఉండే ఊళ్లో అలాంటి నృత్యానికి వెళ్లాను. పిలవడం పిట్టల పేర్లతోనే పిలిచారు. కాని మగవాళ్లంతా లార్కులయ్యారు, ఆడవాళ్లంతా రాబిన్లయ్యారు! విస్తరి మార్చారు గాని వడ్డన మారలేదు. ఇదేమిటని నేర్పే ఆవిడని అడిగితే, "కొత్తవాళ్లు తికమకపడతారండీ. ముందు ఒకటి రానివ్వండి, రెండోది తరవాత" అన్నారు.

ఆ "తరవాత" సంగతి మనకు తెలీదూ? "ముందు వంట నేర్చుకో, బ్యాంకు పనులు తరవాత" అన్న ఇళ్లలో ఆ తరవాత ఎప్పుడొచ్చింది? ఆయన పోయి, పాసుబుక్కు ఎక్కడుందో తెలియక వెతుక్కున్న రోజున.

అసలు తికమక కొత్తవాళ్లకి కాదు, పాతవాళ్లకి. పదేళ్లు ఒకే పక్క తిరిగిన కాలు రెండోపక్కకి రమ్మంటే రాదు. మొదటి రోజు వచ్చినవాళ్లకి రెండూ కొత్తే. ఇద్దరూ పట్టుకుని గిర్రున తిరిగి విడేటప్పుడు రాబిన్ కుడివైపు తేలాలి. చోటు మార్చుకుని రెండోసారి తిరిగి చూడమంటే ఎంతసేపు పడుతుంది? రెండువైపులా నిలబడినవారికే ఎదుటివారి చెయ్యి ఎటునుంచి వస్తుందో, ఎప్పుడు వదలాలో తెలుస్తుంది.

ఇంకో తమాషా ఉంది. వరస చివరికి చేరిన జంట ఒక చుట్టు ఆగుతుంది. మళ్లీ లోపలికి తిరిగేటప్పుడు ఇద్దరూ చోట్లు మార్చుకోవాలి. మార్చుకోకుండా ఉన్నచోటే వెనక్కి తిరిగారా, లార్క్ రాబిన్ అయిపోతుంది! మార్పు నేర్పడానికి నృత్యమే చోటిస్తూంటే మాస్టార్లకేం అడ్డం?

సంప్రదాయం పోతుందంటారా? ఫిడేలు అదే, అడుగులూ అవే. మన కూచిపూడిలో తరతరాలుగా మగవాళ్లే సత్యభామ జడ వేసుకున్నారు. వేదాంతం సత్యనారాయణ శర్మగారు భామ వేషానికే పేరుపడ్డారు. ఆయన ఆ నడకతో పుట్టలేదు కదా, నేర్చుకుంటే వచ్చింది. నేర్చుకుంటే వచ్చేదాన్ని పుట్టుకతో వచ్చిందని ఎందుకు బుకాయించడం?

ఒకే పక్క ఇష్టమైనవాళ్లని ఎవరూ చెయ్యిపట్టి లాగనక్కర్లేదు. కాని రెండూ తెలిసి ఒకటి ఎంచుకోవడం వేరు, రెండోది తెలియక ఉండిపోవడం వేరు.

కనక మాస్టార్లూ, పేర్లు మార్చారు, సంతోషం. చోటు మార్చడం కూడా మొదటి రోజే నేర్పండి. నాలుగు తప్పటడుగులు పడతాయా? పడనివ్వండి. అవి వెయ్యకుండా నడక నేర్చినవాళ్లెవరు గనక!