దూరప్రయాణమును, తెలుగు వ్రాతయు

గుడారమును, వంటపాత్రలను, తిండిసామగ్రిని బండిలో వేసికొని, ఎరుగని దేశముల మీదుగా నెలల తరబడి పయనించుట సామాన్యమైన పని కాదు. 1955 సెప్టెంబరులో ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయముల యువకులార్గురు రెండు ల్యాండ్ రోవరు బండ్లలో లండను నుండి బయలుదేరి, టర్కీ, ఇరాను, భారతదేశము, బర్మాల మీదుగా 1956 మార్చిలో సింగపూరు చేరిరి. వారిలో టిమ్ స్లెస్సర్ అను నాతడు ఆ యాత్రను గ్రంథముగా వ్రాసెను.

ఈ సంగతి తరగతిలో చెప్పినపుడు పిల్లలు బండ్లను గూర్చియే అడిగిరి. పెట్రోలు ఎంత పట్టెను? నదుల నెట్లు దాటిరి? రాత్రులు ఎచట పండుకొనిరి? ఆ పుస్తకము వ్రాసిన వానిని గూర్చి ఒక్కరును అడుగలేదు. అతడు వ్రాయకున్నచో మనకీ ప్రశ్నలే పుట్టియుండవు గదా!

ఇట్టి యాత్రికుడు మన భాషలో లేకపోలేదు. ఏనుగుల వీరాస్వామిగారు చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ఇంటర్‌ప్రిటరుగా నుండినవారు. 1830 మే 18వ తేదీన పల్లకీలతో, డేరాలతో, సుమారు 100 మంది పరివారముతో కాశీకి బయలుదేరిరి. అప్పటికి మన దేశమున రైలు లేదు. తిరుపతి, కడప, అహోబిలము, శ్రీశైలము దాటి నిజాము రాజ్యమును, నాగపూరు రాజ్యమును చొచ్చి కాశీ చేరిరి. గయ, కలకత్తా, పూరీ జగన్నాథము చూచి, 1831 సెప్టెంబరు 3వ తేదీన ఇల్లు చేరిరి. ఏ మజిలీ ఎంత దూరము, ఎచట నీళ్లు మంచివి, ఎచట సరకులు దొరకును, బాట ఎట్టిది అను సంగతులను దారి పొడుగునను వ్రాసిపెట్టిరి. ఆయన 1836లో గతించినను, మిత్రులు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లగారు 1838లో ఆ వ్రాతను 'కాశీయాత్ర చరిత్ర' యను పేర ప్రకటించిరి.

తలిదండ్రులొకటి గమనింపవలెను. వీరాస్వామిగారికి జీవనాధారము ఇంగ్లీషు, కాపురము చెన్నపట్టణము. అయినను తాము చూచినదానిని తెలుగుననే వ్రాసిరి. "రాయవేలూరిలో ఉద్యోగమునకు తెలుగెందులకయ్యా?" అని ఒక తండ్రి మమ్ము నడిగెను. ఆ ప్రశ్నను మేము తేలికగా త్రోసివేయజాలము. తమిళము రానిదే ఈ జిల్లాలో బ్రతుకు సాగదు. ఇంగ్లీషు రానిదే పై చదువు సాగదు. రెంటిని బాగుగ నేర్వవలసినదే. కాని కూటికి వచ్చు భాషలెన్ని యున్నను, ఇంట అవ్వతో మాటలాడు భాషలో చూచినదానిని చెప్పలేని బిడ్డకు ఆ చూచినది సగమే దక్కును. ఒక భాష ఇంకొక భాషకు అడ్డు కాదని వీరాస్వామిగారి జీవితమే సాక్ష్యము.

మరియొక మాట. ఆ పల్లకీలు మోసిన బోయీలును ఆ దారినే నడచిరి, ఆ ఎండనే భరించిరి. వారి మాట మనకు దక్కలేదు. నేడు గుడియాత్తములో మగ్గము నేయువారి బిడ్డలును, అగ్గిపెట్టెల పనివారి బిడ్డలును మా యెదుట బల్లలపై కూర్చుండి కలము పట్టియున్నారు. మోసినవారి పక్షమున వ్రాయగలవారు వీరే. తెలుగు తరగతి మూతపడినచో ఆ కలమునకు ఇంటి మాట దూరమగును.

మా తప్పును కూడ ఒప్పుకొందుము. తిరుపతిలో పండిత శిక్షణ పొందిన నాళ్లలో కాట్పాడి నుండి చిత్తూరు, పాకాల మీదుగా రైలులో ఎన్నిమారులో పోయివచ్చితిమి. ఏ స్టేషను దాటిన పిదప పెట్టెలోని మాటలు తమిళము నుండి తెలుగునకు మారుచుండెనో నేడు చెప్పజాలము. ఒక్క పుటయైనను వ్రాసికొనకపోతిమి. అది తిరిగి రాదు.

కావున మా సూచన యిది. మన పాఠశాల పిల్లలు ఏ ఊరికి పోయినను, పలమనేరు సంతకైనను సరే, ఒక చిన్న పుస్తకమును వెంట గొనిపోవలెను. బయలుదేరిన వేళ, దూరము, దారిలోని పైరు, త్రాగిన నీరు, విన్న భాష, దారి చెప్పినవారు, ఇవి అయిదారు పంక్తులలో తెలుగున వ్రాయవలెను. "ప్రయాణము బాగుగ నుండెను" అను వాక్యమును మేము అంగీకరింపము. తలిదండ్రులు ఆ పుటలను సాయంకాలము చదివించుకొని వినవలెను. చదువురాని తల్లి సయితము, "అచట బావి కూడ నున్నది గదా, వ్రాయలేదేమి?" అని దిద్దగలదు.

ల్యాండ్ రోవరు మనకు లేదు; నూరుమంది పరివారమును లేదు. బస్సు టిక్కెట్టును, కలమును ఉన్నవి. ఆరంభమునకు అవి చాలును.